స్త్రీలు స్వరపరిచిన ఆర్ట్ సాంగ్స్‌తో 20 నిమిషాల కార్యక్రమం: ఏ పాటలు, ఏ స్కోర్లు, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొన్నేళ్ళుగా వెస్టర్న్ క్లాసికల్ వోకల్ నేర్చుకుంటున్నారు, గొంతు సొప్రానో, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కూడా నేర్చుకున్నారు. ఈసారి 20 నిమిషాల కార్యక్రమం మొత్తం స్త్రీలు స్వరపరిచిన ఆర్ట్ సాంగ్స్‌తో చేయాలనుకుంటున్నారు. "అవన్నీ డ్రాయింగ్‌రూమ్ పాటలు, షూబర్ట్, షూమన్ స్థాయి కాదు" అని ఎవరో అన్నారు. అది నిజమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి, స్కోర్లు ఎలా దొరుకుతాయి అని ప్రశ్న.

సూటిగా జవాబు: ఆ మాట నిజం కాదు. మొదలుపెట్టాల్సింది రెండు పుస్తకాలతో. ఒకటి ఫానీ హెన్సెల్ ఓపస్ 1 (ఓపస్ అంటే రచనకిచ్చే వరస సంఖ్య; బెర్లిన్, 1846), రెండోది క్లారా షూమన్ ఓపస్ 13 (1843-44). ఒక్కోదాంట్లో ఆరేసి పాటలు. వీటికి క్లారా ఓపస్ 12లోని మూడు పాటలు కలుపుకోండి. ఈ పదిహేను పాటలకు ఫానీ ఓపస్ 10లోని ఒక పాట కలిపితే మీ 20 నిమిషాలకు సరిపోయేవి దొరుకుతాయి. అన్నీ కాపీరైట్ దాటినవే, ఉచితంగా దింపుకోవచ్చు. అన్నీ జర్మన్ పాటలు, అంటే లీడ్ (కవితను తీసుకుని గొంతుకీ పియానోకీ రాసిన జర్మన్ పాట) సంప్రదాయానివి. ఫ్రెంచి, ఇంగ్లీషు పాటల సంగతి కింద చెబుతాను.

ఒక హెచ్చరిక కూడా ఇప్పుడే చెప్పాలి. స్త్రీ స్వరపరిచింది కాబట్టి ఏ పాటైనా సరే అని తీసుకోకండి. ఆ కాలపు మగవాళ్ళ పాటల్లో ఎంత తాలు ఉందో వీళ్ళ పాటల్లోనూ అంతే ఉంది. బలహీనమైన పాట ఒకటి పాడితే, వినేవాళ్ళు ఆ స్వరకర్తనే కాదు, మిగతా వాళ్ళందరినీ కలిపి తీసిపారేస్తారు. షూబర్ట్ పాట ఒకటి పేలవంగా ఉంటే ఆ నష్టం ఆ పాటతోనే పోతుంది. ఈ తేడా అన్యాయమే, కానీ ఉంది. అందుకే ఎంపిక గట్టిగా ఉండాలి.

"స్థాయి" మాటను ఎలా తేల్చుకోవాలి

మన వాగ్గేయకారులు సాహిత్యం, సంగీతం రెండూ తామే చేస్తారు. లీడ్‌లో అలా కాదు. కవిత ముందే అచ్చయి ఉంటుంది, స్వరకర్త దాన్ని తీసుకుని గొంతుకీ పియానోకీ రాస్తారు. కాబట్టి ఒకే కవితకు నలుగురైదుగురు స్వరపరిచిన పాటలుంటాయి. ఇది మీకు గొప్ప సౌకర్యం. ఎవరి అభిప్రాయమూ నమ్మనక్కర్లేదు, రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మొదట ఈ జత చూడండి. జర్మన్ కవి హైన కవిత: చీకటి కలల్లో నిలబడి ఆమె చిత్రాన్ని చూస్తూ ఉన్నాను, ఆ ముఖంలో మెల్లగా ప్రాణం కదిలింది, చివరికి "నిన్ను పోగొట్టుకున్నానంటే నమ్మలేకపోతున్నాను." షూబర్ట్ 1828లో దీన్ని బి ఫ్లాట్ మైనర్‌లో రాశాడు. పియానో రెండుసార్లు ఉత్త ఆక్టేవ్ మోగిస్తుంది, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుచ్ఛం) ఉండదు. గొంతు కూడా పియానోతో కలిసి అదే స్వరం మీద నడుస్తుంది. ముఖంలో కదలిక వచ్చినప్పుడే మేజర్ వెలుగు వస్తుంది, చివర్లో పియానో దాన్ని మైనర్‌తో గట్టిగా మూసేస్తుంది. అదే కవితను క్లారా 1840 క్రిస్మస్‌కు భర్త రాబర్ట్ షూమన్‌కు కానుకగా రాసింది, తర్వాత సవరించి ఓపస్ 13లో మొదటి పాటగా పెట్టింది. ఆమెది ఈ ఫ్లాట్ మేజర్. మొదటి బారు నుంచే కార్డులు నిండుగా ఉంటాయి. షూబర్ట్ పాటలో మనిషి పోగొట్టుకున్నాడని మనకు ముందే తెలుస్తుంది. క్లారా పాటలో ఆ మనిషి ఇంకా నమ్మడం లేదు, సంగీతమూ నమ్మడం లేదు, మేజర్‌లోనే ముగుస్తుంది. కవిత ఆఖరి పంక్తికి ఈ రెండో అర్థం కూడా అంతే సరిపోతుంది. రెండూ వరసగా పాడి చూస్తే "ఏది గొప్పది" అన్న ప్రశ్న పక్కకు పోయి, "ఇద్దరూ ఒకే కవితను ఎంత వేరుగా చదివారు" అన్నది ముందుకు వస్తుంది.

ఇలాంటి జతలు మరికొన్ని: ర్యూకర్ట్ కవిత "అందం కోసం ప్రేమించేటట్టయితే నన్ను ప్రేమించకు"ను క్లారా 1841లో స్వరపరిచింది (ఓపస్ 12, నం. 4), మాలర్ 1902లో. ఐఖెన్‌డార్ఫ్ వసంతరాత్రి కవితకు ఫానీ పాట ఓపస్ 7, నం. 3, రాబర్ట్ షూమన్ పాట ఓపస్ 39లో చివరిది. "చిన్ని పూలకు తెలిసి ఉంటే" అనే హైన కవితను రాబర్ట్ 1840లో "డిష్టర్‌లీబె" అనే పాటల మాలలో ఎనిమిదో పాటగా పెట్టాడు. అదే కవితకు ఫానీ పాట 1830 నాటికే అచ్చులో ఉంది, కాకపోతే ఆమె పేరుతో కాదు.

పేరు ఎలా పోయింది

ఫానీ (1805–1847), జర్మన్ స్వరకర్త ఫీలిక్స్ మెండెల్సన్ అక్క. 1820లో తండ్రి ఆమెకు రాసిన ఉత్తరంలో సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు గానీ ఆమెకు అలంకారంగానే ఉండాలని తేల్చిచెప్పాడు. ఫీలిక్స్ తన ఓపస్ 8, ఓపస్ 9 పాటల పుస్తకాల్లో మూడేసి చొప్పున ఆమె పాటలు ఆరు చేర్చి తన పేరుతోనే అచ్చువేయించాడు. 1842లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో విక్టోరియా రాణి ఓపస్ 8లోంచి తనకిష్టమైన పాట ఎంచుకుని పాడింది. అది "ఇటాలియన్", అంటే ఇటలీ మీద పాట. అది అక్క రాసిందని ఫీలిక్స్ అక్కడే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫానీ దాదాపు 250 పాటలు రాసింది. సొంత పేరుతో ఓపస్ 1 వచ్చేసరికి ఆమెకు నలభై. మరుసటి ఏడాది మే 14న, ఇంట్లో ఆదివారం కచేరీకి రిహార్సల్ చేయిస్తుండగా కుప్పకూలి చనిపోయింది. ఓపస్ 9, 10 ఆ తర్వాత 1850లో వచ్చాయి.

క్లారా (1819–1896) కథ వేరు. ఆమె యూరప్ అంతా తెలిసిన పియానిస్ట్. కానీ 1841లో ర్యూకర్ట్ కవితలతో వచ్చిన పన్నెండు పాటల పుస్తకం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి, ఏ పాట ఎవరిదో లేదు. ఆమెవి 2, 4, 11. ఓపస్ 12 పాటలు అంటే ఇవే. 1853లో ఓపస్ 23 పాటలు ఆరు రాసింది. 1856లో రాబర్ట్ పోయాక ఇల్లు గడపడానికి కచేరీలు, పిల్లల పెంపకం, ఆయన రచనల ప్రచురణ పని మీద పడ్డాయి. ఆ తర్వాత దాదాపు ఏమీ రాయలేదు.

ఇందులో నాణ్యత కారణంగా మరుగున పడింది ఏదీ లేదు. అచ్చు కాకపోవడం, అచ్చయినా పేరు లేకపోవడం, తర్వాత వచ్చిన సంకలనాలు ముందు సంకలనాలనే చూసి తయారవడం, ఇవే కారణాలు. ఇంట్లో పాడే పాట అని మొదట గిరి గీసి, తర్వాత ఆ గిరినే లోపంగా ఎత్తిచూపారు. షూబర్ట్ పాటలు కూడా మొదట మోగింది స్నేహితుల ఇళ్ళలోనే.

పాటలు, ఒక్కోదాంట్లో ఏం చూసుకోవాలి

పేర్ల ఉచ్చారణ స్పెల్లింగులతో తికమకపడకుండా ఓపస్ నంబర్‌తో వెతుక్కోండి.

ఫానీ ఓపస్ 1, నం. 1 "ష్వానెన్‌లీడ్" (హంసగీతం): ఆకాశం నుంచి రాలే నక్షత్రం, ఆపిల్ చెట్టు నుంచి రాలే ఆకులు, పాడుతూ పాడుతూ నీటిలోకి ఒరిగే హంస. అన్నీ పడేవే, స్వరం కూడా పైనుంచి కిందికి వాలుతూ ఉంటుంది. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు, వాలేటప్పుడు ఊపిరి వదిలేయడం. కిందికి వెళ్ళే ఫ్రేజ్ తేలిక అనిపిస్తుంది, అందుకే శ్రుతి దిగుతుంది. పైకి వెళ్ళే ఫ్రేజ్‌కి పెట్టినంత పట్టు దీనికీ పెట్టాలి. పియానో అలలాగా సాగుతూ ఉంటుంది కాబట్టి మీరు ఊపిరి కోసం ఆగితే వెంటనే తెలిసిపోతుంది. ఊపిరి చోట్లు పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టుకోండి, మాట మధ్యలో కాకుండా కామా దగ్గర.

అదే పుస్తకంలో నం. 6 "గొండెల్‌లీడ్" పడవ పాట. తేలిక, మధ్యలో పెట్టడానికి బాగుంటుంది. పడవ ఊపును ఎక్కువ చేసి ప్రతి బారు మొదట్లో నొక్కితే పాట కుంటుతుంది. రెండు బార్లకు ఒక ఊపు అనుకోండి.

ఓపస్ 10, నం. 5 "బెర్గెస్‌లుస్ట్" ఫానీ చనిపోవడానికి ముందురోజు, 1847 మే 13న రాసిన పాట. కొండల మీది ఉత్సాహం. దాని ఆఖరి మాటలు, ఆలోచనలూ పాటలూ స్వర్గం దాకా సాగిపోతాయన్నవి, బెర్లిన్‌లో ఆమె సమాధిరాయి మీద స్వరాలతో సహా చెక్కారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు పాటను బరువుగా, నెమ్మదిగా పాడేస్తారు. అలా చేయకండి. అది రాసినప్పుడు రేపు చనిపోతానని ఆమెకు తెలియదు. రాసినట్టే, చురుగ్గా పాడండి.

క్లారా ఓపస్ 12, నం. 4 గురించి: నాలుగు చరణాలు. అందం కోసమైతే సూర్యుణ్ణి ప్రేమించు, యవ్వనం కోసమైతే వసంతాన్ని, సంపద కోసమైతే ముత్యాలున్న జలకన్యను. ప్రేమ కోసమే ప్రేమిస్తే, అప్పుడు నన్ను. నాలుగూ దాదాపు ఒకే విధంగా ఎత్తుకుంటాయి కాబట్టి నాలుగూ ఒకేలా పాడితే పాట చచ్చిపోతుంది. మొదటి మూడూ ఒద్దనే మాటలు, వాటిని చిరునవ్వుతో, తేలిగ్గా తేల్చేయాలి. నాలుగో దాంట్లో "ప్రేమ" మాట దగ్గర అరక్షణం కూడా ఆగకుండా, మాటలోనే వెచ్చదనం చూపించాలి. ఆగితే నాటకం అవుతుంది.

ఓపస్ 12, నం. 2 "అతను గాలివానలో వచ్చాడు": ఎఫ్ మైనర్, పియానో మొదటి నుంచి ఉరుకులు. ఇక్కడ చెడేది ఎప్పుడూ సమతూకమే. పియానిస్ట్ తుఫాను వాయిస్తారు, గాయని దాని మీద అరుస్తుంది, రెండో చరణానికే గొంతు అలిసిపోతుంది. పియానో శబ్దం తగ్గించాలి, వేగం కాదు. వేగం కూడా మొదటి చరణం నుంచి నిర్ణయించకండి. మూడో చరణంలో వసంతం వచ్చి పాట నెమ్మదిస్తుంది. ఆ ప్రశాంతత ఏ వేగంలో సహజంగా వస్తుందో ముందు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

ఓపస్ 13, నం. 6 "డీ ష్టిలె లోటోస్‌బ్లూమె": "మౌన తామర" అని అర్థం, గైబెల్ కవిత. వెన్నెల్లో సరస్సు మీద తెల్లటి పువ్వు, దాని చుట్టూ ఈదుతూ పాడే హంస, "ఓ పువ్వా, ఆ పాట నీకు అర్థమవుతుందా?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు రాదు. పాట డామినెంట్ సెవెంత్ కార్డ్ మీద ఆగిపోతుంది, ఇల్లు చేరదు. పంచమం మీద ఆగి షడ్జమానికి రానట్టు. 1840లలో ఒక పాటల పుస్తకాన్ని అలా ముగించడం మామూలు ధైర్యం కాదు. ఆ కార్డ్ మోగుతుండగా ముఖంలో "అయిపోయింది" అన్న భావం రానీయకండి, చేతులు కదపకండి. పియానిస్ట్ పెడల్ పూర్తిగా వదిలాకే మీరు కదలాలి. మన కవిత్వంలో వెన్నెలకు విచ్చేది కలువ, తామర కాదు. మనసులో కలువకొలనును పెట్టుకుని పాడితే దృశ్యం సరిగ్గా అమరుతుంది.

మన నాలుకకు జర్మన్

నా దగ్గర పాడే తెలుగువాళ్ళలో పదే పదే కనిపించే విషయాలివి. కొన్ని మనకు కలిసొస్తాయి, కొన్ని అడ్డుపడతాయి.

కలిసొచ్చేవి ముందు. హ్రస్వ దీర్ఘాల తేడా మనకు పుట్టుకతో వస్తుంది, జర్మన్‌కు అది ప్రాణం. జర్మన్ "జెడ్" అక్షరం ఇంగ్లీషు జెడ్ కాదు. అది "చాలు", "చుక్క"లలో మనం పలికే దంత్య చకారం, ౘ. "హృదయం" అనే జర్మన్ మాట "హెర్‌ౘ్". ఇంగ్లీషు వాళ్ళు దీన్ని కష్టపడి నేర్చుకుంటారు, మీకు ఉచితంగా ఉంది. టి, డి అక్షరాలను మన ట, డ లాగా నాలుక మడిచి కాకుండా త, ద వైపు, పళ్ళకు దగ్గరగా పలకండి. పాట వెంటనే మెత్తబడుతుంది.

అడ్డుపడేవి:

చివర అచ్చు చేర్చడం. మనది అజంత భాష. "రేగెన్" అనే మాట తెలియకుండానే "రేగెను" అవుతుంది, "ట్రౌమ్" కాస్తా "ట్రౌము" అవుతుంది. మాట చివర పెదవులు మూశాక గొంతు కూడా ఆపేయాలి. రికార్డు చేసుకుని వింటే తప్ప ఇది మీకు వినిపించదు.

సంధి చేయడం. ఓపస్ 12, నం. 4 మొదటి పంక్తిలోనే "డు", "ఉమ్" పక్కపక్కన వస్తాయి. మనం "డువుమ్" అనేస్తాం, మధ్యలో వకారం దూరుతుంది. జర్మన్‌లో రెండో అచ్చును కొత్తగా, మెత్తగా మొదలుపెట్టాలి. కొట్టినట్టు కాదు.

ద్విత్వం. "ష్టిలె"లో రెండు ఎల్‌లు రాస్తారు. అది ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పే గుర్తు మాత్రమే. "ష్టిల్లె" అని మనం "పిల్ల"లో నొక్కినట్టు నొక్కకూడదు.

చివరి బి, డి, జి. మాట చివర అవి పరుషాలవుతాయి. రాసేది "ఉండ్", పలికేది "ఉంట్". "లీబ్‌స్ట్" అని రాసినా "లీప్‌స్ట్".

ప్రత్యేక అచ్చులు. ఈ అంటూ పెదవులు ఊ లాగా గుండ్రంగా చేస్తే ఒకటి, ఏ అంటూ ఓ లాగా చేస్తే రెండోది. నాలుక కదలకూడదు, పెదవులే. అద్దం ముందు చేయండి. "నేను" అనే అర్థమున్న జర్మన్ మాట (ich) చివరి శబ్దానికి, యకారం కోసం నాలుక పెట్టి హకారం ఊదండి. ఖ అనకండి, ష్ అనకండి.

మాట మొదట్లో అచ్చు ముందు వచ్చే ఎస్ సగం దూరం వరకూ "జడ"లోని దంత్య జకారమే, కానీ నాలుక పైన అంటకుండా శబ్దం ప్రవహించాలి. ఇది కొంత సాధనతో వస్తుంది.

కర్ణాటక శిక్షణ ఉన్నవాళ్ళకు

మీ శ్రుతిజ్ఞానం, తాళం పెద్ద ఆస్తి. రెండు అలవాట్లు మాత్రం చూసుకోవాలి. మొదటిది, నిలిచిన స్వరం మీద సన్నటి కంపితం, స్వరం నుంచి స్వరానికి జారు. ఫానీ, క్లారా పాటల్లో ప్రతి స్వరానికీ కింద ఒక కార్డ్ ఉంది. మీ స్వరం ఊగితే కార్డ్ మసకబారుతుంది. మాటల్లేకుండా ఒక్క "ఊ" మీద పాట మొత్తం, నిటారు స్వరంతో, ఒకసారి పాడి చూడండి.

రెండోది, షడ్జమం కదలదన్న నమ్మకం. ఓపస్ 12, నం. 2 ఎఫ్ మైనర్‌లో మొదలై ఏ ఫ్లాట్ మేజర్‌లో ముగుస్తుంది. నటభైరవి గాంధారాన్ని షడ్జమం చేస్తే శంకరాభరణం వచ్చినట్టే. గ్రహభేదం తెలిసినవాళ్ళకు ఇది చిటికెలో అర్థమవుతుంది. కానీ చెవి పాత షడ్జమాన్నే పట్టుకుని ఉంటే మూడో చరణంలో స్వరాలు ఎక్కడో తేడాగా అనిపిస్తాయి. ఆ చరణం మొదలయ్యే ముందు పియానో వంతెనను విడిగా పదిసార్లు వినండి.

స్కోర్లు

ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో పై పాటల పాత ముద్రణలు ఉన్నాయి. వెతికేటప్పుడు పేర్లే పెద్ద చిక్కు. ఒకే మనిషి ఫానీ మెండెల్సన్, ఫానీ హెన్సెల్, మెండెల్సన్-హెన్సెల్ అని మూడు చోట్ల ఉంటుంది. క్లారా వీక్ అన్నది క్లారా షూమన్ పుట్టింటి పేరు. అమెరికా స్వరకర్త ఏమీ బీచ్ పాత ముద్రణల మీద "మిసెస్ హెచ్. హెచ్. ఏ. బీచ్" అనే ఉంటుంది, ఆమె సొంత పేరే కనపడదు. అన్ని రూపాలతోనూ వెతకండి. ఫానీ రచనలకు "హెచ్-యూ" నంబర్లున్న కేటలాగ్ ఉంది. ఓపస్ లేని పాటలకు ఆ నంబర్ ఒక్కటే నమ్మకమైన ఆనవాలు.

పాత స్కాన్లలో సాహిత్యం చాలాసార్లు గోథిక్ లిపిలో ఉంటుంది. అందులో ఎస్ అక్షరం ఎఫ్ లాగా కనబడుతుంది, మాటలు తప్పుగా వచ్చేస్తాయి. లీడర్‌నెట్ సైట్‌లో కవితను సరిచూసుకోండి. అక్కడ ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. కవిత పేజీలో దాన్ని స్వరపరిచిన వాళ్ళ జాబితా ఉంటుంది. మీకు ఇప్పటికే వచ్చిన షూబర్ట్, షూమన్ పాటల కవితలను ఒక్కోటీ తెరిచి, ఆ జాబితాలో స్త్రీల పేర్లు చూసుకుంటూ పోండి. కొత్త పాటలు కనుక్కోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

కొనగలిగితే బ్రైట్‌కాఫ్ వాళ్ళు రెండు సంపుటాల్లో వేసిన క్లారా పాటలన్నీ, రెండు సంపుటాల ఫానీ ఎంపిక పాటలు తీసుకోండి. రాతప్రతులతో సరిచూసినవి. కాసెల్‌లోని ఫూరోరె సంస్థ 1986 నుంచి స్త్రీల సంగీతం మాత్రమే ప్రచురిస్తోంది. ఓపస్‌లకు బయట ఉన్న ఫానీ పాటలకు అది చూడాలి.

కాపీరైట్: మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు. యూరప్‌లో 70. స్వరకర్త ఆల్మా మాలర్ 1964లో పోయింది, ఆమె తన జీవితకాలంలో ప్రచురించిన పద్నాలుగు పాటలూ ఇక్కడ 2025 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు, జర్మనీలో కుదరదు. ఇంగ్లండ్‌లో పుట్టిన స్వరకర్త రెబెకా క్లార్క్ 1979లో పోయింది కాబట్టి ఇక్కడ 2039 చివరిదాకా హక్కులున్నాయి. రికార్డింగ్ యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోండి.

కీ మార్చడం, పియానిస్ట్‌తో పని

లీడ్‌లో కీ మార్చడం తప్పు కాదు. కానీ మూడు సెమీటోన్ల కంటే కిందికి దించితే పియానో ఎడమచేతి కార్డులు మట్టిగా మోగుతాయి. అంతకన్నా దించాల్సి వస్తే వేరే పాట ఎంచుకోండి. ఓపస్ 12, నం. 2ను సెమీటోన్ మార్చినా వేళ్ళ అమరిక అంతా మారిపోతుంది. పియానిస్ట్‌కు కనీసం మూడు వారాల ముందు చెప్పాలి. పేజీ తిప్పే చోట్లు ఆ పాటలో ఇబ్బందిగా ఉంటాయి, ప్రింట్లు అతికించి పొడుగ్గా పరిచేలా చేసి ఇవ్వండి.

మొదటి రిహార్సల్‌లో పాడకండి. పియానో వాయిస్తుంటే కవితను లయలో చదవండి. రెండోసారి పియానిస్ట్ ఎడమచేయి మాత్రమే వాయిస్తే మీరు పాడండి, శ్రుతి ఎక్కడ జారుతోందో అప్పుడే తేలుతుంది. డిజిటల్ పియానో అయితే 88 బరువు కీలు, సగం నొక్కినా పనిచేసే పెడల్ ఉన్నదే కావాలి. స్పీకర్ మీ వెనక కాకుండా పక్కన పెట్టండి.

ఈ పాటలు దాటాక

ఇంకా తేలికవి కావాలంటే లూయిజె రైఖార్ట్ (1779–1826) పాటలు. చిన్న చరణాలు, సాదా పియానో, నేర్చుకునే పిల్లలకు సరైనవి. యోసెఫీనె లాంగ్ (1815–1880) నాకు చాలా ఇష్టమైన స్వరకర్త. 150 దాకా పాటలు రాసింది. భర్త పోయాక ఆరుగురు పిల్లలను సంగీత పాఠాలు చెప్పి పెంచింది. లేనావ్ కవితకు ఆమె రాసిన "షైడెబ్లిక్" (ఓపస్ 10, నం. 5) చాలా చిన్న పాట, వినేవాళ్ళు మళ్ళీ పాడమని అడుగుతారు. ఇంగ్లీషులో పాడాలంటే ఏమీ బీచ్ ఓపస్ 44, బ్రౌనింగ్ కవితలు మూడు. మొదటిది దాదాపు ఒక్క నిమిషం, చివర పై ఏ ఫ్లాట్ నిలబెట్టాలి. మెజోలకు (సొప్రానో కన్నా కింది స్థాయి స్త్రీ గొంతు) పొలీన్ వియార్డో, ఆమె స్వయంగా గొప్ప మెజో. ఆల్మా మాలర్‌తో మొదలుపెట్టాలంటే 1910 పుస్తకంలో రిల్కె కవిత ఉన్న పాట, మిగతావి పియానోకు బరువైనవి. లిలీ బులాంజె 1914లో పూర్తి చేసిన పదమూడు పాటల "క్లేరియేర్ దాన్ ల స్యెల్" అద్భుతం, కానీ ఫ్రెంచి ఉచ్చారణా దమ్మూ రెండూ గట్టిపడ్డాకే. దాని నుంచి మొదటి పాట ఒక్కటి తీసుకోవచ్చు.

మీ 20 నిమిషాలు

ఏడు పాటలు చాలు, సుమారు 17 నిమిషాలు. చప్పట్లు, నిలదొక్కుకోవడం కలిపి ఇరవై అవుతాయి. ఫానీవి మూడు: హంసగీతం, పడవ పాట, బెర్గెస్‌లుస్ట్. క్లారావి నాలుగు: ఓపస్ 13లో మొదటిది, ఓపస్ 12లో నం. 4, తర్వాత ఓపస్ 13లో కలువ పాట, ఆఖరున ఓపస్ 12లో గాలివాన పాట. కార్యక్రమం కాగితంలో కవుల పేర్లు, కవితల భావం తెలుగులో రెండేసి వాక్యాల్లో వేయండి. "మహిళా స్వరకర్తలు" అన్న శీర్షిక అక్కర్లేదు. పేర్లూ సంవత్సరాలూ సరిపోతాయి.

ఆఖరి రెండు పాటల క్రమం మార్చకండి. కలువ పాట ఏ ఫ్లాట్ మేజర్‌లో ఉండి, దాని డామినెంట్ సెవెంత్ మీద తెరిచి ఉండిపోతుంది. గాలివాన పాట ఎఫ్ మైనర్‌తో దూకుతుంది. చెవి ఏ ఫ్లాట్ కోసం ఎదురుచూస్తుంటే ఎఫ్ మైనర్ వచ్చి మోసపుచ్చుతుంది. ఆ పాట చివరికి ఏ ఫ్లాట్‌లోనే చేరుతుంది కాబట్టి, కలువ పాట అడిగి వదిలేసిన స్వరం అప్పుడు దొరుకుతుంది. మధ్యలో చప్పట్లు పడితే ఇదంతా పోతుంది, అందుకని మీరు చేతులు దించకముందే పియానిస్ట్ మొదలుపెట్టాలి. కీ మార్చాల్సి వస్తే రెండు పాటలనూ ఒకే అంతరంతో మార్చండి.